పన్నెండేళ్ళ గేదెకు క్లోన్ చేయించాలా?

ప్రశ్న: మా ముర్రా గేదెకు పన్నెండేళ్ళు నిండాయి. ఆరో ఈత. బాగా పాడి మీద ఉన్నప్పుడు రోజుకు పదహారు లీటర్లు ఇస్తుంది. అదే కొట్టంలో అదే మేత తినే మిగతా గేదెలు పది దాటవు. దీనికి పుట్టిన ఆడదూడలు రెండు ఇప్పుడు పాలిస్తున్నాయి, ఒకటి పన్నెండు, ఇంకోటి పదకొండు. ఆ రెండింటికీ తండ్రి అప్పట్లో దగ్గర్లో దొరికిన ఏదో దున్న. తల్లి ఈని మూడు నెలలైంది, మళ్ళీ కట్టించలేదు. ఇది పోతే ఇంత మంచి గేదె మళ్ళీ దొరకదని ఇంట్లో అందరికీ టెన్షన్. క్లోనింగ్ చేసి పెడతాం, ముందు కొంత కట్టండి అని ఒకాయన వచ్చి చెప్పాడు. క్లోన్ చేస్తే ఇవే పాలు వస్తాయా? ముసలి గేదె నుంచి తీసిన కణం కాబట్టి దూడ ముసలిదై పుడుతుందా? అసలు చేయించమంటారా? – ఒక పాడి రైతు

సమాధానం:

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఆయనకు డబ్బు కట్టకండి. గేదె చెవి నుంచి చిన్న చర్మం ముక్క తీసి కణాలు దాచిపెట్టే ల్యాబు ఏదైనా మీకు అందుబాటులో ఉంటే అది మాత్రం చేయించుకోండి. కానీ అన్నిటికన్నా ముందు ఆ గేదె ఎప్పుడు ఎదకొస్తుందో కళ్ళల్లో వత్తులేసుకుని చూడండి. ఈని మూడు నెలలై ఇంకా కట్టించలేదన్న మాటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కంగారు పెట్టింది. పన్నెండేళ్ళ గేదెకు ఒక్కో ఎదా విలువైనదే.

అలాగని ఆయన చెప్పిందంతా అబద్ధమని కాదు. గేదెల క్లోనింగ్, అంటే ఒక గేదె ఒంటి కణం నుంచి అవే జన్యువులున్న దూడను పుట్టించడం, నిజంగానే జరిగింది. 2005లో చైనాలోని గ్వాంగ్‌షీలో క్లోన్ గేదె దూడలు పుట్టాయి. మన దేశంలో కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరి 6న ఒక దూడ పుట్టి కొద్ది రోజులకే న్యుమోనియాతో పోయింది. అదే ఏడాది జూన్ 6న పుట్టిన గరిమ రెండేళ్ళు బతికి గుండె ఆగి చనిపోయింది. 2010 ఆగస్టు 22న పుట్టిన గరిమ-2 మాత్రం పెరిగి పెద్దదై, మామూలు గేదెల్లాగే చూడి కట్టి, 2013 జనవరిలో మహిమ అనే ఆడదూడను ఈనింది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో పెద్ద విషయం ఇదే. దూడ పుట్టడం ఒక ఎత్తయితే, అది ఎదిగి తల్లై పాలివ్వడం ఇంకో ఎత్తు, అదీ సాధ్యమేనని తేలింది. తర్వాత హిసార్‌లోని కేంద్ర గేదెల పరిశోధన సంస్థలో 2015 డిసెంబరులో హిసార్ గౌరవ్ అనే దున్నదూడ పుట్టింది, అక్కడే ఎం-29 అనే మేలైన దున్నకు ఏడు క్లోన్లు తీశారు. ఇంతమంది శాస్త్రవేత్తలు, ఇన్నేళ్ళు, సొంత ల్యాబులు, సొంత మందలు ఉన్న చోట జరిగిన పని ఇది. మీ ఇంటికొచ్చిన ఆయన దగ్గర వీటిలో ఏమున్నాయో ముందు అడగండి.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ తేడా కొడుతుందో మీకే అర్థమవుతుంది. కర్నాల్ వాళ్ళు వాడింది చేత్తో చేసే పద్ధతి, లక్షల ఖరీదు చేసే సూదియంత్రాలు లేకుండా మైక్రోస్కోపు కింద చిన్న బ్లేడుతో చేస్తారు. కబేళాలో కోసిన గేదెల అండాశయాలను వెచ్చటి ఉప్పునీటిలో ల్యాబుకు తెచ్చి, వాటి మీద కనిపించే చిన్న చిన్న నీటిబుడగల్లోంచి సూదితో అండాలు లాగుతారు. అవి ఇంకా పచ్చివి కాబట్టి గేదె ఒంట్లో ఉండేంత వేడిలో ఒక రోజు పక్వానికి పెడతారు. తర్వాత అండం చుట్టూ ఉండే గాజులాంటి పొరను ఎంజైముతో కరిగిస్తారు. అప్పుడు అండంలో జన్యువులున్న వైపు చిన్న బొడిపెలా పైకి ఉబ్బుతుంది, ఆ బొడిపెతో పాటు అండంలో కొంత భాగాన్ని బ్లేడుతో కోసి పారేస్తారు. మిగిలింది జన్యువులు లేని ఉత్త అండం. అలాంటివి రెండు తీసుకుని, మధ్యలో మీ గేదె చెవి నుంచి పెంచిన ఒకే ఒక్క కణాన్ని అతికించి, కరెంటు షాక్ లాంటిది ఇచ్చి మూడింటినీ కలిపేస్తారు. వీర్యకణం తగలకుండానే అది పిండంలా విభజన మొదలుపెట్టేలా రసాయనాలతో రెచ్చగొడతారు. ఏడెనిమిది రోజులు ల్యాబులో పెంచాక, సరిగ్గా అన్ని రోజుల కిందటే ఎదకొచ్చిన ఇంకో గేదె గర్భసంచిలో పెడతారు. అక్కడి నుంచి పది నెలల పైమాటే.

వినడానికి ఇంతే. కానీ మీరు చెవి నుంచి ఇచ్చిన కణానికి తను చర్మాన్నని మాత్రమే తెలుసు. జన్యువులన్నీ అందులో ఉన్నా, గుండెకో కాలేయానికో మెదడుకో కావలసినవి చాలావరకు తాళం వేసి ఉంటాయి. ఆ తాళాలన్నీ కొన్ని గంటల్లో తీసి, మొదటి రోజు పిండంలో ఉండాల్సిన స్థితికి తేవాలి, ఆ పని అండంలోని పదార్థమే చేయాలి. చాలాసార్లు అది సగం సగం జరుగుతుంది. అందుకే పిండం ల్యాబులో నిక్షేపంగా కనిపిస్తుంది, గర్భంలో పెట్టాక నెలకో రెండు నెలలకో కరిగిపోతుంది. నిలిచినా మాయ సరిగ్గా ఏర్పడక ఈసుకుపోవచ్చు, కడుపులో నీరు చేరి మోసే గేదెకే ప్రాణం మీదికి రావచ్చు, దూడ మరీ పెద్దదై ఈనేటప్పుడు అడ్డం పడొచ్చు, పుట్టిన దూడ ఊపిరితిత్తులు గుండె బలహీనంగా ఉండి వారంలో పోవచ్చు. ఎదిగిన క్షీరదం కణం నుంచి తీసిన మొదటి క్లోన్‌గా 1996లో పుట్టిన డాలీ గొర్రె లెక్క చాలామందికి తెలియదు. 277 సార్లు కణాన్ని అండంతో కలిపితే పెట్టదగ్గ పిండాలు 29 వచ్చాయి, వాటిని 13 గొర్రెల్లో పెడితే పుట్టింది ఒక్కటి. అప్పటికీ ఇప్పటికీ పద్ధతులు మెరుగైన మాట నిజమే, కానీ క్లోన్ పిండాలు వంద పెడితే పుట్టి నిలబడేవి ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టే అన్నే. ఆ మిగతా గేదెలన్నీ ఎవరివి, వాటిని మేపేదెవరు, ఏడాది పాడి పోగొట్టుకునేదెవరు? మీ ఒక్క గేదె కోసం అన్ని గేదెల్ని అలా ఇబ్బంది పెట్టడం నాకు మాత్రం మనసొప్పదు.

ముసలిదై పుడుతుందా అన్న మీ అనుమానం చాలామందికి ఉంది, డాలీ ఆరున్నరేళ్ళకే పోవడంతో మొదలైందది. దానికి వచ్చింది ఊపిరితిత్తుల కంతి, మిగతా గొర్రెలకూ వైరస్ వల్ల వచ్చే జబ్బే. 2016లో బయటికొచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనంలో పదమూడు క్లోన్ గొర్రెల్ని ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసులో పరీక్షిస్తే (వాటిలో నాలుగు డాలీని తీసిన కణాల నుంచే వచ్చినవి) మొత్తం మీద వయసుకు తగ్గ ఆరోగ్యంతోనే ఉన్నాయని తేలింది. కాబట్టి మొదటి గండాలన్నీ దాటి నిలబడిన క్లోన్ దూడ దూడలాగే ఉంటుంది. ఆ భయం వదిలేయండి.

ఇక ఇవే పాలు వస్తాయా అన్నది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ ఉత్తరంలో మీరే ఇచ్చిన లెక్కల్లో జవాబుంది.

మీ గేదె పదహారు ఇస్తోంది, కొట్టంలో మిగతావి పది. తేడా ఆరు లీటర్లు. ఈ ఆరూ జన్యువుల పుణ్యమే అనుకుంటున్నారు మీరు. కాదు. ఒక గేదెకూ ఇంకో గేదెకూ పాలలో ఉండే తేడాలో జన్యువుల వాటా పావు వంతు, కాస్త అటూ ఇటూ. మిగతాదంతా దూడప్పుడు ఎంత పాలు తాగింది, పడ్డగా ఉన్నప్పుడు ఏ మేత దొరికింది, ఎప్పుడైనా పొదుగువాపు వచ్చిందా, ఏ కాలంలో ఈనింది, ఎవరు పితుకుతున్నారు, ఇలాంటివన్నీ. ఒకే బస్తాలోని విత్తనం నల్లరేగడిలో ఒకలా, చవిటినేలలో ఒకలా పండినట్టే. అయితే మీ గేదె ఒక్క ఈతలో కాదు, వరసగా అన్ని ఈతల్లోనూ ముందుంది కాబట్టి అదృష్టం వాటా తగ్గించి జన్యువుల వాటా కాస్త పెంచి చూడొచ్చు. ఎంత పెంచినా ఆరు లీటర్లలో సగానికి లోపే, అంటే రెండున్నర నుంచి మూడు అనుకోండి. క్లోన్‌కు పూర్తిగా దక్కేది ఆ భాగం. అంటే అదే కొట్టంలో దాని క్లోన్ దగ్గర మీరు ఆశించాల్సింది పన్నెండున్నర, పదమూడు లీటర్లు. పదహారు రావచ్చు, పది కూడా రావచ్చు, కానీ లెక్క వేసుకోవాల్సింది ఆ మధ్యలోదే.

ఇప్పుడు దాని పెయ్యల వైపు చూడండి. దూడకు తల్లి నుంచి సగం వస్తుంది. మూడులో సగం ఒకటిన్నర. తండ్రి ఏ గొప్పా లేని మామూలు దున్న అయితే ఆ పెయ్యలు పదకొండున్నర దగ్గర ఉండాలి. మీ దగ్గర ఉన్నవి పన్నెండూ, పదకొండూ! ఉన్నవి రెండే కాబట్టి ఇదే రుజువని అననుగానీ, లెక్క ఎటు చూపిస్తోందో మీకే కనిపిస్తోంది కదా. ఆ పెయ్యలు తల్లిని పోలలేదని మీకు అనిపించొచ్చు, నిజానికి అవి తల్లి వాటా తల్లి నుంచి తెచ్చుకున్నాయి, తండ్రి నుంచే ఏమీ రాలేదు.

అదే గేదెకు, కూతుళ్ళ పాలు కొలిచి రుజువైన దున్న వీర్యం వేయించారనుకోండి. ఆ దున్న కూతుళ్ళు తోటి గేదెల కన్నా లీటరున్నర ఎక్కువ ఇస్తున్నాయని రికార్డులో ఉంటే, మీ గేదె వాటా లీటరున్నర, దున్న వాటా లీటరున్నర కలిసి పుట్టబోయే పెయ్య కూడా పదమూడు దగ్గరే ఉంటుంది. క్లోన్ దగ్గర ఆశించిందీ అంతే కదా! పైగా దీనికి ల్యాబు అక్కర్లేదు, పదుల కొద్దీ మోసే గేదెలు అక్కర్లేదు, ఈసుకుపోతుందన్న బెంగ మామూలుగా ఉండేదే. ఆ పెయ్యకు మళ్ళీ ఇంకో మంచి దున్నతో కట్టిస్తే దాని కూతురు ఇంకాస్త ముందుకెళ్తుంది. క్లోన్ మాత్రం ఎన్నిసార్లు తీసినా పన్నెండేళ్ళ కిందట పుట్టిన గేదె దగ్గరే ఆగిపోతుంది.

మరి శాస్త్రవేత్తలు ఎందుకు క్లోన్లు తీస్తున్నారంటారా? దున్నల కోసం. గేదె ఎంత మంచిదైనా ఏడాదికి ఒక దూడ, మన దగ్గర చాలాసార్లు అదీ కష్టం. దున్న నుంచి ఏడాదికి వేల డోసుల వీర్యం తీసి గడ్డకట్టించి దాచొచ్చు. కానీ ఒక దున్న మంచిదో కాదో తేలాలంటే దాని కూతుళ్ళు పుట్టి, పెరిగి, ఈని, పాలివ్వాలి. అది తేలేసరికి దున్న ముసలిదవుతుంది లేదా ఉండనే ఉండదు. అలా రుజువైన దున్నకు క్లోన్ తీస్తే వీర్యం మళ్ళీ వస్తుంది, వేల గేదెలకు ఉపయోగం, అన్ని పిండాలు పోయినా ఒక్కటి నిలబడితే ఖర్చు గిట్టుబాటవుతుంది. చనిపోయిన దున్న దాచిన వీర్యంలో దొరికిన, వీర్యకణాలు కాని మామూలు ఒంటి కణాలతో కూడా కర్నాల్‌లో క్లోన్ తీశారు. ఆ పని చేసి తీరాలి, నేను గట్టిగా సమర్థిస్తాను. పాలిచ్చే గేదెను ఒక్కో ఇంటికి ఒక్కోటి క్లోన్ చేసి ఇస్తామనడమే నాకు మింగుడుపడదు.

సరే, ఇప్పుడు చేయాల్సింది. గేదెల్లో ఎద కనిపెట్టడం కష్టం, ఆవుల్లా అరిచి గోల చేయవు, మూగ ఎద ఎక్కువ, అదీ రాత్రిళ్ళు, చల్లటి వేళల్లో. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. తీగలు వేస్తోందా, మానం ఉబ్బి ఎర్రగా ఉందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా, ఆ పూట పాలు చేపడంలో తేడా ఉందా. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్నే వీర్యం ఇంజెక్షన్ వేయించండి. ఈలోపు డాక్టరుగారితో ఒకసారి గర్భసంచి చూపించండి, మూడు నెలలుగా ఎద లేదంటే గర్భసంచిలో చీము చేరడమో, ఖనిజ లవణాల లోపమో, మీరు చూడకుండా వచ్చిపోయిన మూగ ఎదో తేలిపోతుంది. ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన వీర్యం వాడమని ఎవరైనా సలహా ఇస్తారు. దాంతో పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి, నిజమే, కానీ చూడి నిలిచే అవకాశం మామూలు వీర్యం కన్నా కొంచెం తక్కువ. ఈ వయసులో నేనైతే మామూలు వీర్యమే వేయిస్తాను, ఆ వేరు చేసిన వీర్యం దాని పెయ్యలకు వాడతాను. మగదూడ పుట్టిందని బాధపడకండి. ఈ తల్లికి పాల రికార్డు ఉండి, తండ్రి రుజువైన దున్న అయితే, ఆ దూడను వీర్య కేంద్రాల వాళ్ళు అడిగి తీసుకునే వీలుంటుంది. అందుకే నెలకొకసారైనా రెండు పూటల పాలు తూకం వేసి, వెన్న శాతం తీయించి, తేదీతో రాసి పెట్టండి. పదహారు లీటర్లని మీరు నోటితో చెబితే మీ ఇంట్లో వాళ్ళు నమ్ముతారు, వీర్య కేంద్రం వాళ్ళు కాగితం అడుగుతారు.

ఇంకో దారి కూడా ఉంది. గేదె బతికి ఉండగానే స్కానింగ్ సాయంతో అండాశయం నుంచి అండాలు తీసి, ల్యాబులో మంచి దున్న వీర్యంతో ఫలదీకరణ చేసి, వేరే గేదెల్లో పెట్టడం. గేదెల్లో ఇలా టెస్ట్‌ట్యూబ్ దూడ 1990లోనే కర్నాల్‌లో పుట్టింది. ఆవుతో పోలిస్తే గేదె అండాశయంలో అండాలు బాగా తక్కువ, వయసుతో ఇంకా తగ్గుతాయి, కాబట్టి ఒకసారికి చేతికొచ్చే పిండాలు కొన్నే. అయినా క్లోన్ పిండంతో పోలిస్తే ఈ పిండం నిలబడే అవకాశం చాలా మెరుగు. ఈ సౌకర్యం మీకు దొరికితే క్లోనింగ్‌కు పెట్టాలనుకున్న డబ్బు దీనికి పెట్టండి.

కణాలు దాచడం గురించి ముందే అన్నాను. చెవి అంచు దగ్గర వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి, మత్తిచ్చి శనగగింజంత ముక్క తీస్తారు, గేదెకు పెద్ద బాధ ఉండదు. ఆ ముక్కను ల్యాబు వాళ్ళిచ్చిన ద్రావణంలో వేసి, ఐసు మధ్యలో పెట్టి వీలైతే ఒక రోజులోపే చేర్చాలి. ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టి కణాలు చచ్చిపోతాయి, ఈ పొరపాటు జరగనివ్వకండి. ల్యాబులో పెంచిన కణాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ళ తరబడి ఉంచొచ్చు. రేపు పద్ధతి మెరుగైతే అప్పుడు ఆలోచించుకోవచ్చు, ఇవాళే తొందరపడక్కర్లేదన్నమాట. గేదె అనుకోకుండా చనిపోయినా వెంటనే చెవి ముక్క తీసి చల్లగా పంపితే బతికున్న కణాలు దొరికే అవకాశం ఉంటుంది. కణాలు ఎవరి పేరున ఉంటాయి, మీరు అడిగితే తిరిగిస్తారా, మీకు చెప్పకుండా వేరేవాళ్ళకు వాడతారా అన్నది మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ వచ్చినాయన మళ్ళీ వస్తే రెండే అడగండి. ఇప్పటిదాకా మీ చేతుల మీద పుట్టి ఏడాది దాటి బతికున్న క్లోన్ గేదెలు ఎన్ని, వాటిని మేము వచ్చి చూడొచ్చా? పిండాలెన్ని తయారయ్యాయో, ఎన్ని చూడి కట్టాయో చెప్పి మాట దాటేస్తే అక్కడే ఆపండి. రెండోది, దూడ పుట్టి మూడు నెలలు బతికాక డబ్బిస్తాం, ఒప్పుకుంటారా? ఒకవేళ అన్నీ నిజమే అనుకున్నా, ల్యాబు పనికి నెలలు, చూడి పది నెలలు, ఆ తర్వాత పెయ్య ఎదిగి ఈనడానికి మూడేళ్ళ పైన, అన్నీ కలిపితే మొదటి చుక్క పాలకు నాలుగైదేళ్ళు. అన్నేళ్ళు ఆ మనిషి ఫోను ఎత్తుతాడో లేదో మీరే ఆలోచించండి.

మీ ఉత్తరంలో ఒక విషయం లేదు. ఆ పన్నెండు లీటర్ల పెయ్య ఎప్పుడు ఈనింది, ఇప్పుడు చూడితో ఉందా? ఖాళీగా ఉండి, ఈని రెండు నెలలు దాటితే తల్లితో పాటు దాన్నీ డాక్టరుగారికి చూపించి, రుజువైన దున్న వీర్యమే వేయించండి, ఆ దున్న దానికి రక్తసంబంధం కాకుండా చూసుకోండి. దాని వివరాలు, తల్లి గర్భసంచి పరీక్షలో ఏం తేలిందో మళ్ళీ రాయండి, ఏ రకం దున్న సరిపోతుందో అప్పుడు చెప్తాను.